కడుపు లోపలి పొర యాసిడ్‌నీ నొప్పి మాత్రలనీ ఎలా తట్టుకుంటుంది, ఎక్కడ ఓడిపోతుంది? – తరచుగా అడిగే ప్రశ్నలు

కడుపులో మంట అనగానే యాసిడ్ ఎక్కువైందని అనుకుంటాం. కానీ జీర్ణాశయంలో పుండు పడ్డవాళ్లలో చాలామందికి యాసిడ్ మామూలుగానే ఉంటుంది, కొందరికి తక్కువే ఉంటుంది. దెబ్బతినేది ఆ యాసిడ్‌ను గోడ దాకా రానీయని ఏర్పాటు. ఈ పేజీలోని ప్రశ్నలన్నీ ఆ ఏర్పాటు గురించే. మందుల మోతాదులు పెద్దవాళ్లకు మామూలుగా రాసేవి. గర్భిణులు, కిడ్నీ లేదా లివర్ జబ్బు ఉన్నవాళ్లు వాటిని తమకు వర్తింపజేసుకోకూడదు.

మాంసాన్ని కరిగించే యాసిడ్ కడుపును ఎందుకు కరిగించదు?

ప్రాణం ఉన్నంతవరకే కరిగించదు. లండన్ సర్జన్ జాన్ హంటర్ 1772లో ఇదే విషయం మీద ఒక వ్యాసం ప్రచురించాడు. ఆరోగ్యంగా ఉండి హఠాత్తుగా చనిపోయిన కొందరి శవాలను కోసి చూస్తే జీర్ణాశయం గోడ కరిగి, రంధ్రం పడి, లోపలిది బయటికి కారి ఉండేది. బతికి ఉండగా కరగనిది చచ్చాక కరిగిందంటే, రక్షణ గోడ గట్టితనంలో లేదన్నమాట. హంటర్ దాన్ని జీవశక్తి అని సరిపెట్టుకున్నాడు. అది నిమిషం నిమిషం రక్తం, ఆక్సిజన్ అందుతూ నడవాల్సిన పని అని తర్వాత తేలింది. అందులో జిగురు పొర ఉంది, బైకార్బనేట్ ఉంది, ఒకదానికొకటి బిగిసి ఉన్న కణాల వరుస ఉంది, వాటి కింద దట్టమైన రక్తనాళాలున్నాయి. వీటన్నిటినీ పనిలో ఉంచేవి గోడలోనే తయారయ్యే ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు.

ఆ యాసిడ్ నిజంగా ఎంత గాఢంగా ఉంటుంది?

జీర్ణాశయపు గ్రంథుల్లో ఉండే పెరైటల్ కణాలు వదిలే హైడ్రోక్లోరిక్ యాసిడ్ పీహెచ్ 1కి దగ్గరలో ఉంటుంది. పీహెచ్ ఎంత తక్కువైతే యాసిడ్ అంత గాఢం. రక్తం పీహెచ్ 7.4. అంటే హైడ్రోజన్ అయాన్ల గాఢత పది లక్షల రెట్లకు పైనే ఎక్కువ. రోజుకు సుమారు 2 లీటర్ల జీర్ణరసం ఊరుతుంది. తిన్న వెంటనే అన్నం, పప్పు యాసిడ్‌ను పీల్చుకోవడం వల్ల లోపలి పీహెచ్ 4, 5 దాకా పెరుగుతుంది. గంటా రెండు గంటల్లో మళ్లీ 2కి దిగుతుంది. యాసిడ్ ఒక్కటే కాదు, ప్రొటీన్లను కోసే పెప్సిన్ అనే ఎంజైమ్ కూడా అక్కడే ఉంటుంది. పీహెచ్ 2 దగ్గర అది చురుగ్గా పనిచేస్తుంది, 4 దాటితే మందగిస్తుంది, 7 దాటితే పాడైపోతుంది. ఈ చివరి మాట గుర్తుంచుకుంటే కింద చాలా విషయాలు తేలిగ్గా అర్థమవుతాయి.

జిగురు పొర ఏం చేస్తుంది? అంత పల్చటి పొర యాసిడ్‌ను ఆపగలదా?

జిగురు ఒక్కటే అయితే ఆపలేదు. దాని మందం సుమారు 0.2 మిల్లీమీటర్లు. అందులో 95 శాతం నీరే. మిగిలింది ప్రధానంగా మ్యూసిన్ అనే చక్కెర గొలుసులు తగిలించుకున్న ప్రొటీన్. పై కణాలు ఒక రకం మ్యూసిన్‌ను, లోతున గ్రంథుల మెడ దగ్గరి కణాలు ఇంకో రకాన్ని వదులుతాయి. రెండూ కలిసి జెల్‌లా గట్టిపడతాయి. ఆ జెల్ పై భాగం వదులుగా ఉండి, అన్నంతో పాటు రాసుకుని పోతుంటుంది. కింది భాగం కణాలకు అంటుకునే ఉంటుంది.

అసలు పని బైకార్బనేట్‌ది. పై కణాలు జెల్ కిందికి బైకార్బనేట్‌ను వదులుతుంటాయి. మొత్తం యాసిడ్‌తో పోలిస్తే అది 5 నుంచి 10 శాతమే. జీర్ణాశయంలో ఉన్న మొత్తం యాసిడ్‌ను అది ఎప్పటికీ చల్లార్చలేదు. కానీ జెల్ దాన్ని కదలకుండా పట్టి ఉంచుతుంది కాబట్టి, పై నుంచి మెల్లగా దిగే కొద్దిపాటి యాసిడ్‌ను అక్కడికక్కడే నీరూ కార్బన్ డయాక్సైడ్‌గా మార్చేస్తుంది. ఫలితంగా జెల్ పైన పీహెచ్ 2 ఉంటే, కణాన్ని తాకే చోట 7కి దగ్గరగా ఉంటుంది. 0.2 మిల్లీమీటర్ల దూరంలో లక్ష రెట్ల తేడా!

పెప్సిన్ సంగతి వేరు. అది పెద్ద అణువు, జెల్ గుండా తేలిగ్గా దూరలేదు. కానీ జెల్ పై ఉపరితలాన్ని కొరుకుతూనే ఉంటుంది. కొరికినంత మేరకు కింది నుంచి కొత్త జిగురు ఊరుతుండాలి. ఊరడం ఆగిన రోజున పొర పల్చబడుతుంది.

యాసిడ్ తయారయ్యేది గోడలోనే కదా. అది జెల్‌ను పాడుచేయకుండా బయటికి ఎలా వస్తుంది?

గ్రంథిలో ఒత్తిడి పెరిగి, యాసిడ్ సన్నటి ధారలా జెల్‌ను చీల్చుకుని పైకి వస్తుంది. గ్రంథి ఒత్తిడి తగ్గగానే ఆ దారి మూసుకుపోతుంది. లోపలికి తిరిగి రావడానికి అలాంటి ఒత్తిడి ఏదీ ఉండదు.

ఇంకో చక్కటి ఏర్పాటు కూడా ఉంది. పెరైటల్ కణం ఒక హైడ్రోజన్ అయాన్‌ను కడుపులోకి వదిలినప్పుడల్లా ఒక బైకార్బనేట్‌ను వెనక వైపు రక్తంలోకి వదులుతుంది. అక్కడి సన్నటి రక్తనాళాలు గ్రంథి అడుగు నుంచి పైకి, అంటే ఉపరితలం వైపు పోతాయి. యాసిడ్ ఎక్కువ ఊరే వేళకే, దాన్ని ఎదుర్కోవాల్సిన పై కణాలకు బైకార్బనేట్ కూడా ఎక్కువ అందుతుంది.

జెల్ దాటి యాసిడ్ లోపలికి వస్తే?

కణాల వరుస ఒక్కటే ఉంటుంది. అయితే ఆ కణాల మధ్య సందులు బిగుతుగా మూసి ఉంటాయి. వాటి పైన ఫాస్ఫోలిపిడ్లు అనే కొవ్వుల పూత ఉండి నీటిని అంటనీయదు. దాన్నీ దాటి కొన్ని కణాలు చనిపోతే మరమ్మతు రెండు దశల్లో జరుగుతుంది.

మొదటిది నిమిషాల్లో మొదలవుతుంది. చనిపోయిన కణాల అంచున ఉన్నవి పల్చగా సాగి, పక్కకు జరిగి, ఖాళీని కప్పేస్తాయి. కొత్త కణం పుట్టనక్కర్లేదు. గాయం పైపైనే ఉంటే గంటా గంటన్నరలో కప్పడం పూర్తవుతుంది. ఈలోగా రాలిన కణాలు, జిగురు, రక్తం నుంచి ఊరిన ద్రవం, ఫైబ్రిన్ కలిసి గాయం మీద మందపాటి మూతలా ఏర్పడి, కింద పీహెచ్‌ను తటస్థంగా ఉంచుతాయి.

రెండో దశలో కొత్త కణాలు పుట్టాలి. పై కణాలు మామూలుగానే 3 నుంచి 6 రోజులకోసారి మారిపోతుంటాయి.

ఇక్కడ ఒక షరతు ఉంది. కణాలు జరగడానికి ఆధారమైన పల్చటి పొర వాటి కింద ఉంటుంది. గాయం దగ్గరికి యాసిడ్ చేరి ఆ ఆధారాన్ని కరిగిస్తే కణాలు జరగలేవు. గాయం లోతుకు దిగుతుంది. కండర పొర దాకా దిగినదాన్నే పుండు అంటారు. ఎండోస్కోపీలో మామూలుగా 5 మిల్లీమీటర్ల వెడల్పు, కొంత లోతు ఉన్నదాన్ని పుండుగా లెక్కిస్తారు. అంతకంటే చిన్నది, పైపైనే ఉన్నది ఎరోజన్. రిపోర్టులో ఎరోజన్ అని ఉంటే కడుపులో పుండు పడిందని కంగారు పడక్కర్లేదు.

రక్తప్రసరణకు అంత ప్రాధాన్యం ఎందుకు?

పై చెప్పిన ప్రతి పనికీ ఆక్సిజన్ కావాలి. దొంగచాటుగా లోపలికి దిగిన యాసిడ్‌ను కడిగేసేదీ రక్తమే. గోడలోని నొప్పి నరాల కొసలు యాసిడ్ దిగిందని పసిగట్టగానే సీజీఆర్‌పీ అనే పదార్థాన్ని వదులుతాయి. దానివల్ల నైట్రిక్ ఆక్సైడ్ పెరిగి అక్కడి నాళాలు క్షణాల్లో వెడల్పవుతాయి. రక్తప్రసరణ బాగుంటే కాస్త ఎక్కువ యాసిడ్ దిగినా గోడకు ఏమీ కాదు. ప్రసరణ తగ్గితే కొద్దిపాటి యాసిడే చాలు.

ఐసీయూలో ఉన్న రోగుల్లో దీన్ని కళ్లారా చూడొచ్చు. తీవ్రమైన కాలిన గాయాలు, సెప్సిస్ (ఇన్ఫెక్షన్ ఒళ్లంతా దెబ్బతీసే స్థితి), 48 గంటలు మించిన వెంటిలేటర్, రక్తం గడ్డకట్టని స్థితి, ఇలాంటప్పుడు యాసిడ్ పెరగకపోయినా కడుపు అంతటా చిన్న చిన్న గాయాలు పడి రక్తం కారుతుంది. అందుకే వీళ్లకు ముందుగానే యాసిడ్ తగ్గించే మందు ఇస్తారు. ఆఫీసు టెన్షన్ వల్ల పుండు పడటం వేరే కథ. టెన్షన్ మంటను ఎక్కువగా అనిపించేలా చేస్తుంది. ఒక్క టెన్షనే పుండుకు కారణమని మాత్రం తేల్చేయకూడదు. అలా తేల్చేస్తే అసలు కారణం వెతకడం ఆగిపోతుంది.

ప్రోస్టాగ్లాండిన్లు ఈ కథలోకి ఎలా వచ్చాయి?

1971లో జాన్ వేన్ ఆస్పిరిన్ ప్రోస్టాగ్లాండిన్ల తయారీని ఆపుతుందని చూపించాడు. ప్రోస్టాగ్లాండిన్ల మీద పరిశోధనకు 1982 నోబెల్ బహుమతి ఆయనతో పాటు బెర్గ్‌స్ట్రోమ్, శామ్యూల్సన్‌లకు వచ్చింది. 1979లో ఆండ్రే రాబర్ట్ బృందం ఎలుకల మీద చేసిన ప్రయోగం ఇంకా ఆశ్చర్యకరం. నీళ్లు కలపని ఆల్కహాల్ ఎలుక కడుపులో పోస్తే కొద్ది నిమిషాల్లో రక్తం చిమ్మే గాయాలు పడతాయి. ముందుగా అతి తక్కువ ప్రోస్టాగ్లాండిన్ ఇస్తే ఆ లోతైన గాయాలు దాదాపు పడలేదు. యాసిడ్‌ను తగ్గించడానికి చాలనంత చిన్న మోతాదులోనే ఇలా జరిగింది. అంటే యాసిడ్ జోలికి పోకుండానే గోడను కాపాడొచ్చు.

తర్వాత సూక్ష్మదర్శినిలో చూసినవాళ్లు ఇంకో సంగతి పట్టుకున్నారు. ప్రోస్టాగ్లాండిన్ ఇచ్చినా పై కణాలు చనిపోతూనే ఉన్నాయి. లోతు పొర, రక్తనాళాలు మాత్రం నిలబడ్డాయి. అవి నిలబడ్డాయి కాబట్టే పైది గంటలో కప్పుకుపోయింది.

నీళ్లు బాగా కలిపిన ఆల్కహాల్ లాంటి తేలికపాటి చురుకు ముందుగా తగిలించినా, తర్వాత వచ్చే పెద్ద దెబ్బకు ఆ గోడ కొంతసేపు తట్టుకుంది. లోపలే ప్రోస్టాగ్లాండిన్లు ఊరడం దీనికి ఒక కారణం. ఇది చూసి ముందు ఒక చిన్న పెగ్గు వేస్తే మంచిదని ఎవరూ అనుకోవద్దు.

నొప్పి మాత్ర వేసుకుంటే కడుపులో ఏం జరుగుతుంది?

రెండు వైపుల నుంచి దెబ్బ పడుతుంది. పై నుంచి పడేది చిన్న దెబ్బ. ఆస్పిరిన్, డైక్లోఫెనాక్, ఇబుప్రొఫెన్ బలహీనమైన ఆమ్లాలు. కడుపు యాసిడ్‌లో ఆస్పిరిన్‌కు విద్యుదావేశం ఉండదు, కాబట్టి కణం పొర గుండా తేలిగ్గా దూరుతుంది. లోపలి పీహెచ్ 7 దగ్గర ఆవేశం వచ్చి బయటికి రాలేక అక్కడే పేరుకుపోతుంది. కణం శక్తి తయారీ దెబ్బతింటుంది. పైనున్న ఫాస్ఫోలిపిడ్ పూత కూడా చెడుతుంది.

రక్తం వైపు నుంచి పడేదే పెద్ద దెబ్బ. మందు ఒంట్లోకి చేరి కాక్స్-1 అనే ఎంజైమ్‌ను ఆపుతుంది, దాంతో గోడలో ప్రోస్టాగ్లాండిన్లు పడిపోతాయి. జిగురు తగ్గుతుంది, బైకార్బనేట్ తగ్గుతుంది, రక్తప్రసరణ తగ్గుతుంది, తెల్లరక్తకణాలు నాళాల గోడలకు అంటుకుంటాయి. ఈ స్థితిలో రోజూ ఉండే యాసిడే గాయం చేస్తుంది. ఆస్పిరిన్ అయితే ప్లేట్‌లెట్ల పని కూడా వాటి జీవితకాలమంతా ఆపేస్తుంది కాబట్టి, చిన్న గాయం కూడా ఎక్కువసేపు కారుతుంది.

మొదటి వారంలో చిన్న గాయాలు దాదాపు అందరికీ పడతాయి. మందు వాడుతూనే ఉన్నా చాలామందిలో అవి మానిపోతాయి. గోడ అలవాటు పడుతుంది. అలవాటు పడనివాళ్లలోనే పుండు. మరో ఇబ్బంది ఏమిటంటే, మంటకూ గాయానికీ పొంతన ఉండదు. మందే నొప్పిని కప్పేస్తుంది కాబట్టి, ఏ మంటా లేకుండా నేరుగా రక్తవాంతితో ఆసుపత్రికి వచ్చేవాళ్లుంటారు, ముఖ్యంగా పెద్ద వయసువాళ్లు.

మాత్ర బదులు ఇంజెక్షన్ వేయించుకుంటే కడుపుకు ఏమీ కాదు కదా?

అవుతుంది. ఊళ్లో నడుం నొప్పికి వేసే డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ కడుపును తాకకపోయినా, రక్తం ద్వారా అదే కాక్స్-1ను ఆపుతుంది. మలద్వారంలో పెట్టే సపోజిటరీలదీ అంతే. పేగుల్లో కరిగేలా పూత పూసిన ఆస్పిరిన్ పై నుంచి పడే దెబ్బను తగ్గిస్తుంది కానీ రక్తస్రావం ముప్పు తగ్గినట్టు తేలలేదు. అన్నం తిన్నాక వేసుకుంటే మంట తగ్గుతుంది, పుండు ముప్పు పెద్దగా తగ్గదు. చర్మం మీద రాసే జెల్ మాత్రం వేరు. రక్తంలోకి చేరేది చాలా తక్కువ. ఒక్క మోకాలో, మణికట్టో నొప్పి ఉంటే ముందు జెల్‌తో ప్రయత్నించడం మా సలహా.

ఏ నొప్పి మందు నయం? ఎవరు జాగ్రత్తగా ఉండాలి?

పారాసెటమాల్ కడుపుకు అన్నిటికంటే తేలిక. 500 మిల్లీగ్రాముల మాత్రలు రోజుకు 6 దాటకుండా వాడుకుంటే మేలు. గరిష్ఠ పరిమితి 4 గ్రాములు. అది దాటితే లివర్ దెబ్బతింటుంది. మద్యం తాగేవాళ్లకు ఆ పరిమితి ఇంకా తక్కువ. ఇబుప్రొఫెన్ తక్కువ మోతాదులో, రోజుకు 1,200 మిల్లీగ్రాముల లోపు, మిగతావాటికంటే నయం. పిరాక్సికామ్, ఇండోమెథాసిన్ కడుపుకు కఠినం. పంటి నొప్పికి ఇచ్చే కీటోరోలాక్ ఇంకా కఠినం, 5 రోజులు మించి వాడకూడదు. సెలెకాక్సిబ్, ఎటోరికాక్సిబ్ కాక్స్-1ను పెద్దగా తాకవు కాబట్టి కడుపుకు తేలికే కానీ గుండె జబ్బు ఉన్నవాళ్లకు అవి సరిపడకపోవచ్చు.

65 దాటినవాళ్లు, ఇదివరకు పుండు పడ్డవాళ్లు, రక్తం పల్చబడే మందులు లేదా స్టెరాయిడ్లు వాడేవాళ్లు, రెండు నొప్పి మందులు కలిపి వేసుకునేవాళ్లు, వీళ్లకు ముప్పు బాగా ఎక్కువ. ఈ చివరిది తెలియకుండా జరిగేది. షాపులో ఇచ్చిన కాంబినేషన్ మాత్రలో ఎసిక్లోఫెనాక్ ఉంటుంది, ఇంట్లో ఇంకో పేరుతో డైక్లోఫెనాక్ ఉంటుంది. స్ట్రిప్ వెనక రాసిన మందు పేర్లు చదవండి, బ్రాండ్ పేరు కాదు. పొడి పొట్లాల్లో ఇచ్చే పేరులేని నొప్పి మందుల్లో స్టెరాయిడ్ కలిసి ఉండొచ్చు. నొప్పి మందుకు స్టెరాయిడ్ తోడైతే పుండు ముప్పు ఎన్నో రెట్లు పెరుగుతుంది.

గుండెకు రోజూ 75 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ వాడుతున్నాను. మంట వస్తే మానేయొచ్చా?

సొంతంగా మానొద్దు. స్టెంట్ వేసినవాళ్లు మానితే అది మూసుకుపోయే ప్రమాదం ఉంది. 75 మిల్లీగ్రాములు కూడా జీర్ణాశయ రక్తస్రావం ముప్పును దాదాపు రెట్టింపు చేస్తుంది నిజమే, అందుకే రక్తం గడ్డకట్టనీయని క్లోపిడోగ్రెల్‌తో కలిపి వాడేవాళ్లకూ, వయసు పైబడినవాళ్లకూ యాసిడ్ తగ్గించే పాంటోప్రజోల్ లాంటిది తోడుగా రాస్తారు. నొప్పికి ఇబుప్రొఫెన్ కూడా వేసుకోవాల్సి వస్తే, మామూలు ఆస్పిరిన్ మాత్ర వేసుకున్న అరగంట తర్వాతే వేసుకోవాలి. ముందు వేసుకుంటే ఆస్పిరిన్ పనిచేయాల్సిన చోటును అది ఆక్రమిస్తుంది, గుండెకు దక్కాల్సిన రక్షణ పోతుంది.

గుంటూరు కారం తింటే పుండు పడుతుందా?

పడుతుందని చూపిన ఆధారం లేదు. వ్యతిరేకంగా చూపినవే ఉన్నాయి. 1988లో అమెరికాలో ఆరోగ్యవంతుల కడుపులోకి నూరిన పచ్చిమిరపను నేరుగా పంపి, ఎండోస్కోపీలో చూస్తే గాయాలు కనబడలేదు. 1995లో సింగపూర్‌లో 600 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ ఇచ్చే అరగంట ముందు 20 గ్రాముల కారప్పొడి నీళ్లతో ఇచ్చారు. కారం లేకుండా ఆస్పిరిన్ వేసుకున్నప్పటికంటే గాయాలు తక్కువ పడ్డాయి.

ఎందుకంటే కారంలోని క్యాప్సైసిన్ అంటుకునేది ఇందాక చెప్పుకున్న నొప్పి నరాల కొసలకే. ఆ కొసల మీద క్యాప్సైసిన్ అంటుకునే గ్రాహకాన్ని 1997లో డేవిడ్ జూలియస్ అనే శాస్త్రవేత్త బృందం పట్టుకుంది, దానికి 2021లో నోబెల్ దక్కింది. కొసలు రెచ్చితే సీజీఆర్‌పీ ఊరి రక్తప్రసరణ పెరుగుతుంది. అయితే అతి మోతాదు క్యాప్సైసిన్‌తో ఎలుకల్లో ఆ నరాలను మొద్దుబార్చేస్తే రక్షణ పోయి గాయాలు పెరిగాయి.

కారం మంట పుట్టించదని దీనర్థం కాదు. ఇప్పటికే పుండు ఉన్నా, అజీర్తి ఉన్నా, యాసిడ్ గొంతులోకి ఎగదన్నుతున్నా కారం ఆ బాధను పెంచుతుంది. తింటే బాధ పెరిగేవాళ్లు తగ్గించుకోవాలి, బాధ లేనివాళ్లు ఆవకాయ మానాల్సిన పనిలేదు.

మద్యం సంగతి?

శాతాన్ని బట్టి ఉంటుంది. బీరు, కల్లు లాంటి తక్కువ శాతంవి గోడను పెద్దగా తాకవు కానీ యాసిడ్‌ను పెంచుతాయి. మన దగ్గర విస్కీ, బ్రాందీ సీసాల మీద 42.8 శాతం అని ఉంటుంది. నీళ్లు కలపకుండా, ఖాళీ కడుపున తాగితే ఆ ఆల్కహాల్ జెల్‌ను దాటి పై కణాలను చంపుతుంది, కింది సన్నటి నాళాలు పగిలి ఎర్రటి చారలు పడతాయి. తిన్నాక, నీళ్లు కలిపి తాగితే ఈ దెబ్బ తక్కువ. లివర్‌కు పడే దెబ్బ మాత్రం తాగిన మొత్తాన్ని బట్టే. మద్యం తాగిన మర్నాడు తలనొప్పికి ఆస్పిరిన్, ఇబుప్రొఫెన్ వేసుకోవడం అన్నిటికంటే చెడ్డ అలవాటు. కప్పుకోవాల్సిన గాయం కప్పుకోకుండా ఆపుతుంది.

టీ, కాఫీ, పాలు, సిగరెట్, ఉపవాసం?

కాఫీ, టీ యాసిడ్‌ను పెంచుతాయి, పుండు మాత్రం చేయవు. పాలు తాగితే పావుగంట చల్లగా ఉంటుంది, తర్వాత అందులోని ప్రొటీన్, కాల్షియం వల్ల యాసిడ్ మళ్లీ పెరుగుతుంది. మంటకు గంటకోసారి పాలు తాగడం పాత పద్ధతి, వదిలేశారు. మజ్జిగ సరిపడితే తాగండి. సిగరెట్ బైకార్బనేట్‌నూ రక్తప్రసరణనూ తగ్గిస్తుంది, పుండు మానడాన్ని ఆలస్యం చేస్తుంది. ఆరోగ్యవంతులకు ఒక పూట ఉపవాసంతో పుండు పడదు. నొప్పి మాత్రలు వాడుతూ ఉపవాసం ఉండటమే తప్పు.

హెలికోబాక్టర్ పైలోరి ఇన్ని రక్షణల మధ్య ఎలా బతుకుతుంది?

పుండు కలిగించే ఈ బ్యాక్టీరియా మన రక్షణ పొరలోనే దాక్కుంటుంది. తన యూరియేజ్ ఎంజైమ్‌తో యూరియాను అమ్మోనియాగా మార్చి చుట్టూ పీహెచ్‌ను పెంచుతుంది. పీహెచ్ పెరిగితే అక్కడి జెల్ పల్చబడి, తోకల్లాంటి కశాభాలతో ఈదుకుంటూ కణాల దాకా చేరుతుంది. యాసిడ్‌లో ఏ సూక్ష్మజీవీ బతకదని డాక్టర్లు నమ్ముతున్న రోజుల్లో, 1982లో ఆస్ట్రేలియాలో రాబిన్ వారెన్, బ్యారీ మార్షల్ దీన్ని పట్టుకున్నారు. 1984లో మార్షల్ దాన్ని తానే తాగి చూసుకున్నాడు. 2005లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది.

మన దేశంలో ఇది చాలామందిలో ఉంటుంది, ఎక్కువమందికి ఏ బాధా ఉండదు. పుండు ఉన్నవాళ్లు, దీర్ఘకాలం ఆస్పిరిన్ లేదా నొప్పి మందులు మొదలుపెట్టబోయేవాళ్లలో ఇదివరకు పుండు పడ్డవాళ్లు పరీక్ష చేయించుకోవాలి. శ్వాస పరీక్ష, మలంలో యాంటిజెన్, ఎండోస్కోపీలో ముక్క తీసి చూడటం, ఏదైనా సరే. అయితే పాంటోప్రజోల్ లాంటివి 2 వారాలు, యాంటిబయాటిక్‌లు 4 వారాలు ఆపి చేయించుకోవాలి. లేకపోతే క్రిమి ఉన్నా లేదని వస్తుంది. చికిత్స సాధారణంగా 14 రోజులు. మధ్యలో మానితే మొండికేస్తుంది. పూర్తయిన 4 వారాల తర్వాత మళ్లీ పరీక్షించి పోయిందని నిర్ధారించుకోవాలి. ఎక్కువమంది వదిలేసేది ఈ మెట్టునే.

గ్యాస్ బిళ్ళలు, సుక్రల్ఫేట్ సిరప్, ఏది ఎలా వేసుకోవాలి?

ఒమెప్రజోల్, పాంటోప్రజోల్ గోడను బాగుచేయవు. యాసిడ్ పంపులను ఆపి, గోడ తన మరమ్మతు తాను చేసుకునేందుకు గడువు ఇస్తాయి. నడుస్తున్న పంపులనే ఇవి పట్టుకోగలవు. పంపులు నడిచేది తినేటప్పుడు. అందుకే టిఫిన్‌కు 30 నుంచి 60 నిమిషాల ముందు వేసుకోవాలి. మంట వచ్చాక రాత్రి పడుకునేటప్పుడు వేసుకుంటే ఫలితం తగ్గుతుంది. పుండు మానడానికి సాధారణంగా 4 నుంచి 8 వారాలు పడుతుంది. నెలల తరబడి వాడి ఒక్కసారిగా మానితే కొన్ని వారాలు యాసిడ్ ఎగదన్నుతుంది. దాన్ని జబ్బు తిరగబెట్టిందనుకుని ఏళ్ల తరబడి వాడేవాళ్లున్నారు. మోతాదు తగ్గించుకుంటూ మానాలి. ఏళ్ల తరబడి వాడితే బి12, మెగ్నీషియం తగ్గొచ్చు. స్ట్రిప్ మీద డోంపెరిడోన్ (వాంతులు ఆపే మందు) కూడా ఉంటే, గుండె లయ సమస్య ఉన్నవాళ్లు డాక్టర్‌ను అడగందే వాడొద్దు.

సుక్రల్ఫేట్ యాసిడ్ తగిలితే బంకలా మారి పుండు మీద అంటుకుంటుంది. 1 గ్రాము, రోజుకు 4 సార్లు, ఖాళీ కడుపున. తిన్నాక తాగితే అన్నంలోని ప్రొటీన్‌కే అంటుకుపోతుంది. థైరాయిడ్ మాత్రకూ దీనికీ 4 గంటల ఎడం ఉండాలి. సిప్రోఫ్లాక్సాసిన్ లాంటివాటిని దీనికంటే కనీసం 2 గంటల ముందే వేసుకోవాలి. ఇందులో అల్యూమినియం ఉంటుంది, కిడ్నీ జబ్బుకు పనికిరాదు.

మిసోప్రోస్టాల్ పోయిన ప్రోస్టాగ్లాండిన్‌ను నేరుగా భర్తీ చేస్తుంది. 200 మైక్రోగ్రాములు రోజుకు 4 సార్లు. విరేచనాల వల్ల చాలామంది మధ్యలో మానేస్తారు. గర్భస్రావం చేస్తుంది కాబట్టి గర్భం వచ్చే అవకాశం ఉన్నవాళ్లకు ఇవ్వరు. రెబామిపైడ్ 100 మిల్లీగ్రాములు రోజుకు 3 సార్లు ఇస్తారు. అది లోపలి ప్రోస్టాగ్లాండిన్లను, జిగురును పెంచుతుంది. సోడా పొడి యాసిడ్‌ను నిమిషాల్లో చల్లార్చి తేన్పు తెప్పిస్తుంది, అంతే. అందులోని సోడియం బీపీ ఉన్నవాళ్లకు మంచిది కాదు.

అతిమధురం వాడొచ్చా?

అందులోని పదార్థం నుంచే కార్బెనాక్సలోన్ అనే పుండు మందు తయారై 1960ల్లో బ్రిటన్‌లో వాడుకలోకి వచ్చింది. జిగురును పెంచేది. కానీ ఒంట్లో నీరు నిలిపి, బీపీ పెంచి, పొటాషియం తగ్గించేది. కొత్త మందులు రాగానే పక్కకు పోయింది. అతిమధురం చూర్ణం రోజూ ఎక్కువగా తింటే ఇవే ఇబ్బందులు వస్తాయి. బీపీ మాత్రలు వాడేవాళ్లు దాని జోలికి పోవద్దు.

ఎప్పుడు ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి?

తారులా నల్లగా, జిగటగా, ఘాటు వాసనతో మలం వస్తే. ఐరన్ మాత్రలతో కూడా మలం నల్లబడుతుంది కానీ జిగట, ఆ వాసన ఉండవు. కాఫీ పొడి కలిపినట్టు వాంతి అయినా, రక్తం పడినా వెళ్లాలి. కత్తితో పొడిచినట్టు హఠాత్తుగా నొప్పి వచ్చి పొట్ట చెక్కలా బిగుసుకుంటే గోడకు రంధ్రం పడి ఉండొచ్చు, గంటల్లో ఆపరేషన్ కావాలి.

బరువు తగ్గడం, మింగలేకపోవడం, రక్తహీనత, 50 దాటాక కొత్తగా మొదలైన అజీర్తి, వీటికి ఎండోస్కోపీ వాయిదా వేయొద్దు. జీర్ణాశయంలో పుండు కనబడితే ముక్క తీసి పరీక్షిస్తారు, మానిందో లేదో 8 వారాల తర్వాత మళ్లీ చూస్తారు. క్యాన్సర్ కూడా మొదట్లో పుండులాగే కనబడుతుంది. ఇక ఛాతీ మధ్యలో బరువు, చెమటలు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి ఉంటే గ్యాస్ అని సోడా తాగుతూ కూర్చోకండి. ముందు ఈసీజీ తీయించండి.

బాత్రూమ్ యాసిడ్ పొరపాటున తాగితే?

పైన చెప్పిన ఏ పొరా దానికి నిలవదు. కడుపులోనిదీ హైడ్రోక్లోరిక్ యాసిడే అయినా, సీసాలోది ఎన్నో రెట్లు గాఢం. ఒకేసారి వచ్చి పడుతుంది, గొంతుకూ అన్నవాహికకూ కడుపుకున్నంత జెల్ రక్షణ లేదు. జీర్ణాశయం చివరి భాగంలో ఎక్కువసేపు నిలుస్తుంది కాబట్టి అక్కడ లోతుగా కాలుస్తుంది.

వాంతి చేయించొద్దు. ఉప్పునీళ్లు, గుడ్డు తెల్లసొన, నిమ్మరసం, సోడా ఏదీ పట్టొద్దు. వాంతి అయితే అన్నవాహిక రెండోసారి కాలుతుంది. సోడా పోస్తే వేడి, గ్యాస్ పుట్టి పల్చబడిన గోడ చిట్లొచ్చు. నోరు నీళ్లతో కడిగి ఉమ్మించండి, యాసిడ్ పడ్డ బట్టలు తీసేయండి, 108కి ఫోన్ చేయండి, సీసా వెంట తీసుకెళ్లండి. నోట్లో గాయాలు లేకపోయినా లోపల కాలి ఉండొచ్చు. సాధారణంగా మొదటి 24 గంటల్లో ఎండోస్కోపీ చేసి ఎంత లోతుగా కాలిందో చూస్తారు. ఆసుపత్రి నుంచి వచ్చేశాక కొన్ని వారాలకు, తిన్న అన్నం గంటల తర్వాత అరగకుండా వాంతి అవుతుంటే, జీర్ణాశయం చివరి దారి మానే క్రమంలో ఇరుకైందని అర్థం. బెలూన్‌తో వెడల్పు చేయాల్సి రావొచ్చు, ఆలస్యం చేయకుండా అదే ఆసుపత్రికి వెళ్లాలి.